కొత్త పోకెమాన్ గేమ్‌లో ఈసారి ఎవల్యూషన్ ఎవరికి?

గడియారంసెంటర్, నల్గొండ:
తర్వాతి తరం గేమ్ ఎప్పుడొచ్చినా నేను ముందు వెతికేది కొత్త ఎవల్యూషన్లనే, అంటే ఒక పోకెమాన్ శాశ్వతంగా ఇంకో పెద్ద రూపానికి మారడం. 2025లో వచ్చిన లెజెండ్స్ జెడ్-ఏ గేమ్‌లో చూశాంగా, కొత్తవంటే మెగా రూపాలే. మెగా ఉండేది ఫైట్ అయ్యేదాకే. పెళ్లికి అద్దెకు తెచ్చిన సూటు లాంటిది, తెల్లారితే వాపస్. నా అంచనా ట్రోపియస్. గడ్డం కింద అరటిపండ్లు కాసే ఆ జీవిని 2002 నుంచి అట్లనే వదిలేశారు. మీరూ చెప్పండి. ఊరికే పేరు కాదు, ఎట్ల ఎవాల్వ్ కావాలో కూడా రాయాలి.

పాలమూరుముళ్లు:
మరాక్టస్! ఎండలో పెరిగిన మాకు ఆ నాగజెముడు ఇంటి మనిషి లెక్క. దానికి వాటర్ అబ్జార్బ్ అనే గుణం ఉంటుంది, నీళ్ల దాడి తగిలితే దెబ్బ పడదు, పైగా బలం వస్తుంది. ఒకే ఫైట్‌లో మూడుసార్లు అట్ల నీళ్లు తాగితే పూలు విప్పుకుని ఎవాల్వ్ కావాలి. గాలార్ ప్రాంతపు బాతు ఫార్‌ఫెచ్డ్‌కు ఒకే ఫైట్‌లో మూడు క్రిటికల్ హిట్లు (మామూలు కంటే గట్టి దెబ్బలు) అడిగారు కదా, అదే లెక్క.
ఇంకోటి, చోటును బట్టి మారేవి నాకు భలే ఇష్టం. ఈవీ అనే పోకెమాన్ లీఫియాన్ కావాలంటే గేమ్‌లో నాచు రాయి దగ్గర లెవెల్ పెంచాలని చదివి, చిన్నప్పుడు పిల్లలమర్రి కింద కూర్చుని ఫోన్‌లో ఈవీకి లెవెల్ పెంచాను. ఏం కాలేదు, బ్యాటరీ అయిపోయింది.

మిర్యాలహాంటర్:
ఏ పద్ధతైనా పెట్టండి, ట్రేడ్ (ఇంకొకరితో పోకెమాన్ మార్చుకుంటేనే ఎవాల్వ్ కావడం) మాత్రం వద్దు. నింటెండో డీఎస్ రోజుల్లో మా వీధిలో ఆ మెషీన్ నా ఒక్కడి దగ్గరే ఉండేది. రెండేళ్లు హాంటర్‌తోనే ఆడాను. దసరాకు హైదరాబాద్ నుంచి బావ వస్తే ట్రేడ్ చేశాం, అటు పోగానే గెంగార్ అయింది. "పొద్దున ఇస్తలే" అన్నాడు. పొద్దున లేచేసరికి బస్సెక్కాడు. లెజెండ్స్ ఆర్సియస్ గేమ్‌లో ట్రేడ్ లేకుండానే ఎవాల్వ్ చేసే లింకింగ్ కార్డ్ అనే వస్తువు ఇచ్చి పుణ్యం కట్టుకున్నారు. స్కార్లెట్, వయొలెట్ గేమ్‌లకు వచ్చేసరికి మళ్లీ మొదటికే.

జడ్చర్లబిషార్ప్:
మీ బావ మీద కేసు పెట్టాలి 😂
నా బాధ వేరే. నా బిషార్ప్‌ను కింగాంబిట్‌గా మార్చడానికి ఒక ఆదివారమంతా కనిపించిన బిషార్ప్‌నల్లా కొట్టాను. తర్వాత తెలిసింది, లీడర్స్ క్రెస్ట్ అనే వస్తువు పట్టుకున్నవి మూడింటిని కొట్టాలట, అదీ మన బిషార్ప్‌తోనే. ఇది నెట్ చూడకుండా ఎవరికి తోస్తుంది? ప్రైమేప్ నయం, రేజ్ ఫిస్ట్ అనే దాడి ఇరవైసార్లు వాడి లెవెల్ పెంచితే చాలు. కోపం ఎక్కువై చచ్చి దయ్యమైందన్న కథకూ అతుకుతుంది.

దేవరకొండఈవీ:
అందరూ ఈవీని మర్చిపోయారా? దాని ఎవల్యూషన్లు 1996లో మూడు, 1999లో రెండు, 2006లో రెండు, 2013లో ఫెయిరీ టైపు సిల్వియాన్. అంతే, మళ్లీ లేదు. నేను ఈసారి డ్రాగన్ టైపు అంటాను, కారణం ఉంది. నాలుగో తరం గేమ్‌ల ముందు దాడి ఫిజికలా (ఒంటి బలంతో) స్పెషలా (శక్తితో) అనేది టైపును బట్టి ఉండేది. అప్పటి స్పెషల్ టైపులు నీరు, కరెంటు, నిప్పు, సైకిక్, డార్క్, గ్రాస్, ఐస్, డ్రాగన్. ఈవీకి వీటిలో ఏడు వచ్చాయి. మిగిలింది డ్రాగనే.

గడియారంసెంటర్, నల్గొండ:
లెక్క బాగుంది గానీ ఫెయిరీతో అది తెగిపోయింది కదా అన్నా. ఆ వరుసే పాటిస్తే 2013లోనే డ్రాగన్ ఇచ్చేవాళ్లు.

దేవరకొండఈవీ:
ఫెయిరీ అప్పుడే కొత్తగా పుట్టిన టైపు తమ్ముడూ, ప్రచారానికి వాడుకున్నారు. నేను మాట మార్చను.

సాగర్‌ఫీబాస్:
గుండె ఆకారపు చేప లవ్‌డిస్క్ పేరు ఎవరూ ఎత్తరేం? బలం మొత్తం 330 అని చులకనా? ఫీబాస్‌ది 200, మైలోటిక్ అయ్యాక 540. డన్‌స్పార్స్‌ను కూడా ఇట్లనే ఎగతాళి చేశారు, 2022లో దానికీ ఎవల్యూషన్ వచ్చింది కదా! అంటే, వచ్చి ఇంకో ముక్క పొడుగైంది, అంతే. ఆ మాటకు నేనూ నవ్వాను.
పద్ధతి మాత్రం ‘ఇంకే’ అనే పోకెమాన్‌కు పెట్టినట్టు వద్దు. ముప్పయ్యో లెవెల్‌కు మెషీన్ తలకిందులుగా పట్టుకోవాలి. నేను పల్లెవెలుగు బస్సులో పట్టుకున్నాను. పక్కన కూర్చున్న పెద్దాయన "ఖరాబైందా బిడ్డా?" అని అడిగాడు.

మిర్యాలహాంటర్:
బావకు ఈ చర్చ పంపాను. గెంగార్ ఇస్తాడట. బదులు నా మైలోటిక్ కావాలట.