టర్బో కారుకి ఏ ఆటోమేటిక్ గేర్‌బాక్స్: టీహెచ్400 వెయ్యాలా, 4ఎల్80ఈ వెయ్యాలా?
డాలస్‌లో ఉంటాను. 5.3 లీటర్ల ఎల్ఎస్ (జీఎం కంపెనీ వీ8) ఇంజిన్‌కి టర్బో పెట్టించాను, చక్రాల దగ్గర 700 హార్స్‌పవర్ వస్తోంది, వారమంతా ఆఫీసుకీ ఇదే కారు, శనివారం డ్రాగ్ స్ట్రిప్‌కీ (తిన్నటి దారిలో పందేలు జరిగే ట్రాక్) ఇదే. మొన్న మూడో గేరు పడగానే ఇంజిన్ ఒక్కసారిగా అరిచింది, కారు మాత్రం ఊపందుకోలేదు. గేర్‌బాక్స్ కింది పాన్ విప్పితే నల్లటి ఆయిల్, మాడు వాసన, అడుగున క్లచ్ పొడి. చాలా బాధేసింది.

టీహెచ్400 మొండిది, కంప్యూటర్ అక్కర్లేదు, కానీ మూడే గేర్లు, ఓవర్‌డ్రైవ్ (హైవే మీద ఇంజిన్ నెమ్మదిగా తిరిగేలా చేసే పై గేరు) లేదు కాబట్టి హైవే మీద ఇంజిన్‌కి ఊపిరాడదు. 4ఎల్80ఈకి 0.75 ఓవర్‌డ్రైవ్, లాకప్ (టార్క్ కన్వర్టర్ జారకుండా బిగించే క్లచ్) రెండూ ఉన్నాయి, బరువు ఎక్కువైనా నా మనసు దీని మీదే ఉంది. ఇంత పవర్‌తో దీన్ని నడిపినవాళ్లుంటే చెప్పండి, లోపల ఏమేం మార్పించారు? వెనక యాక్సిల్ గేర్ల నిష్పత్తి 3.73, టర్బో త్వరగా లేవాలంటే కన్వర్టర్ స్టాల్ (కన్వర్టర్ గట్టిగా పట్టుకునే ఇంజిన్ ఆర్‌పీఎం) ఎంత పెట్టించాలి?