పెంపుడు కుక్కకు ప్యాకెట్ ఆహారమా, ఇంట్లో వండినదా?

ప్రశ్న

నమస్కారం. మా ల్యాబ్రడార్‌కు ఐదేళ్లు నిండాయి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాక బాగా ఒళ్లు చేసింది. పక్కటెముకలు చేతికి తగలడం లేదు. ఇప్పటివరకు డ్రై ఫుడ్ పెడుతున్నాము. కోడిమాంసం, అన్నం ఉడికించి పెడితేనే ఆరోగ్యమని కొందరు, డబ్బాలో వచ్చే తడి ఆహారం మేలని మరికొందరు అంటున్నారు. లేబుళ్లు చూస్తే డ్రై ఫుడ్‌లో ప్రోటీన్ 24 శాతం, తడి ఆహారంలో 8 శాతమే ఉంది. అలాంటప్పుడు అది ఎలా మేలవుతుంది? దేన్ని ఏ లెక్కన ఎంచుకోవాలో దయచేసి వివరించండి.

సమాధానం 1

ఆ రెండు అంకెలను నేరుగా పోల్చకూడదండి. తడి ఆహారంలో ముప్పాతిక వంతు నీరే ఉంటుంది. డబ్బాలో నీరు 78 శాతమనుకుంటే మిగిలిన 22 పాళ్ల పొడి పదార్థంలో 8 పాళ్లు ప్రోటీన్, అంటే 36 శాతం పైమాటే. డ్రై ఫుడ్‌లోని 10 శాతం తేమను తీసేస్తే 24 కాస్తా 27 దగ్గర తేలుతుంది. అమెరికాలో పశువుల ఆహార ప్రమాణాలు నిర్దేశించే ఆఫ్కో, ఎదిగిన కుక్కకు ఇదే లెక్కన కనీసం 18 శాతం చాలంటుంది కనుక ప్రోటీన్ గురించి మీరు బెంగపడనక్కర్లేదు. లేబుల్‌పై ముందుగా చూడవలసింది అది సంపూర్ణ, సమతుల ఆహారమని, ఏ వయసు కుక్కకో చెప్పే వాక్యం. అనుబంధ ఆహారమని రాసి ఉంటే దానినే పూర్తి భోజనంగా పెట్టకూడదు. పదార్థాల జాబితాలో మాంసం మొదట ఉందని మురిసిపోనక్కర్లేదు. ఆ వరుస నీటి బరువును కూడా కలుపుకొని వేసినది.

సమాధానం 2

ఇంటి వంటకు నేను వ్యతిరేకిని కాను గానీ, కోడిమాంసం, అన్నం మాత్రమే నెలల తరబడి పెట్టడం ప్రమాదం. కుక్కలకు అన్నం అరగదని కొందరంటారు, అది నిజం కాదు. తోడేళ్లతో పోలిస్తే కుక్కలకు పిండిపదార్థాన్ని జీర్ణం చేసే జన్యువు నకళ్లు చాలా ఎక్కువ. అసలు చిక్కు కాల్షియంతో వస్తుంది. ఆహారంలో కాల్షియం కనీసం ఫాస్ఫరస్‌తో సమానంగా ఉండాలి, రెట్టింపు వరకు ఉన్నా ఫరవాలేదు. ఎముక లేని మాంసంలో ఫాస్ఫరస్ ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి ఆ లోటును శరీరం తన ఎముకల నుంచే తీసుకుంటుంది. జింకు, రాగి, అయోడిన్, విటమిన్ ఇ కూడా చాలవు. కాల్షియం కోసమని ఉడికించిన ఎముకలు వేయకండి. అవి పదునుగా చీలి పేగులకు గుచ్చుకుంటాయి. వండాలనే ఉంటే పోషకాహారం తెలిసిన పశువైద్యుల చేత కొలతలు రాయించుకుని, వాటిని తు.చ. తప్పకుండా పాటించండి. ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. ద్రాక్ష, ఎండుద్రాక్ష మూత్రపిండాలకు చేటు.

సమాధానం 3

పైవారి మాటలు సరైనవే గానీ, మీ కుక్క విషయంలో ఏ ఆహారమన్నదాని కంటే ఎంత ఆహారమన్నదే ముఖ్యమని నా అభిప్రాయం. 2002లో వెలువడిన ఒక అధ్యయనంలో 48 ల్యాబ్రడార్లను జతలుగా విడదీసి జీవితాంతం గమనించారు. జతలోని రెండో కుక్క కంటే పావు వంతు తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి. పైగా ఈ జాతిలో సుమారు నాలుగో వంతు కుక్కలకు ఆకలిని పెంచే జన్యులోపం ఉంటుంది, కనుక అడిగినప్పుడల్లా పెట్టడం దానికి మేలు చేయదు.

దాని తగిన బరువు 30 కిలోలని వైద్యులు తేల్చారనుకుందాం. విశ్రాంతిలో ఉన్నప్పుడు దానికి రోజుకు సుమారు 900 కిలోకేలరీలు కావాలి. బరువు తగ్గించడానికి సాధారణంగా అక్కడి నుంచే మొదలుపెడతారు. అందులో పదో వంతు, అంటే 90, చిరుతిళ్లకు వదిలేయండి. మీ డ్రై ఫుడ్‌లో 100 గ్రాములకు 360 కిలోకేలరీలుంటే రోజంతటికీ వచ్చేది 225 గ్రాములు. కప్పుతో కాకుండా వంటింటి త్రాసుతో తూచండి, కప్పు కొలత చాలా తేడా వస్తుంది. థైరాయిడ్ లోపం లేదని ముందే పరీక్ష చేయించండి. ఆహారం మార్చదలిస్తే పాతదానిలో కొద్దికొద్దిగా కలుపుతూ వారం రోజుల్లో మార్చండి.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలు. డ్రై ఫుడ్‌నే కొనసాగించి, తూచి పెడతాము. మందు మాత్ర మింగించడానికి పీనట్ బటర్ వాడుతున్నాము. అదీ ఆ 90లోకే వస్తుందా?

సమాధానం 3

వస్తుందండి. ఒక టేబుల్ స్పూనుకే 90 పైచిలుకు అయిపోతాయి కాబట్టి మాత్ర మునిగేంత మాత్రమే తీసుకోండి. సీసాపై జైలిటాల్ అని రాసి ఉంటే అసలే వాడకండి. ఆ తీపి పదార్థం కుక్కల రక్తంలో చక్కెరను అమాంతం పడగొడుతుంది, కాలేయాన్నీ దెబ్బతీయగలదు.