అక్టోబరు కార్యక్రమం: 1903 బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ ఆఖరి ఆటని పిల్లలతో మళ్లీ ఆడించడం, బోస్టన్ (వాలంటీర్ల పనులు)

నడక బృందం: అందరికీ నమస్కారం. గ్రీన్ లైన్ రైల్లో నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీ స్టాప్ దగ్గర కలుద్దాం. మన పిల్లలు చాలామంది చదువుకునే ఈ క్యాంపస్సే ఒకప్పటి హంటింగ్టన్ అవెన్యూ మైదానం. బోస్టన్ ఆటగాడు సై యంగ్ విగ్రహం పిచ్చర్ (బంతి విసిరేవాడు) నిలబడే చోటికి గుర్తు. అక్కడికి 60 అడుగుల దూరంలో నేలమీద హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) ఫలకం ఉంటుంది. విగ్రహం చూడగానే ఆఖరి ఆట యంగే గెలిపించాడని అందరూ అనుకుంటారు. కాదు. అక్టోబరు 13న పిచ్ చేసింది బిల్ డినీన్. బోస్టన్ 3, పిట్స్‌బర్గ్ 0. గైడ్లు ఈ మాట విగ్రహం దగ్గరే చెప్పేయాలి.

మైదానం బాధ్యత: పార్కులో పిల్లల కొలతలే పెడదాం. బేస్‌ల మధ్య 60 అడుగులు, పిచ్చర్‌కి 46. ముందు హోమ్ నుంచి రెండో బేస్‌కి 84 అడుగుల 10 అంగుళాలు కొలిచి గుర్తు పెట్టాలి. తర్వాత రెండు చివర్ల నుంచీ 60 అడుగుల టేపులు లాగితే కలిసేచోట మొదటి బేస్, రెండో పక్క మూడోది. కంటి అంచనాతో వేస్తే చతురస్రం వంకర పోతుంది, పరుగు దూరాలు మారతాయి. అవుట్‌ఫీల్డ్ చుట్టూ జనాన్ని ఆపే తాడు కూడా కట్టాలి, అప్పట్లో అలాగే కట్టారు.

పిల్లల ఆట: అన్నా, తాడు ఆఖరి ఆటది కాదు. ఆరోజు వచ్చింది 7,455 మందే. అక్టోబరు 3న మూడో ఆటకి 18,801 మంది రావడంతో జనం మైదానంలోకి వచ్చేశారు. వాళ్లలో పడ్డ బంతికి బ్యాటర్‌కి రెండు బేస్‌లని ఒప్పుకున్నారు, అందులో లాభపడింది పిట్స్‌బర్గే. అదే జట్టు సొంతూళ్లో మూడు బేస్‌లు ఇచ్చారు, అక్కడ లాభం బోస్టన్‌ది. కాబట్టి ముందు తాడుతో రెండు ఇన్నింగ్స్, తర్వాత తాడు తీసి ఆఖరి ఆట తొమ్మిదో ఇన్నింగ్స్ ఆడిద్దాం.

మైదానం బాధ్యత: సరే, అది బాగుంది. హోమ్ నుంచి 150 అడుగుల దగ్గర సుద్ద గీత, దాని వెనక 10 అడుగులకి నడుమెత్తున తాడు. గీత మీదే తాడు కడితే పైకి చూస్తూ పరుగెత్తే ఫీల్డర్ దానికి తగులుకుంటాడు. తాడు 260 అడుగులు, పది అడుగులకొకటి చొప్పున 26 గుంజలు. పార్కు వాళ్లని అడగకుండా గుంజలు దిగ్గొట్టకూడదు, కింద నీళ్ల పైపులుంటాయి. వద్దంటే బరువైన కోన్లు పెడదాం.

సామాన్లు: బంతి టీ-బాల్‌కి (చిన్నపిల్లల బేస్‌బాల్) వాడే మెత్తనిదే. అప్పటి గ్లవ్‌లు చిన్నవి, బొటనవేలి పక్కన ఇప్పటిలాంటి పెద్ద వల ఉండేది కాదు. అందుకు బదులు మామూలు తోలు గ్లవ్‌లు పది జతలు సరిపోతాయి. వీటితో గట్టి బంతి పడితే వేళ్లు విరుగుతాయి. హెల్మెట్ ఆ కాలంలో లేకపోయినా మనకి తప్పనిసరి. చొక్కాలమీద నంబర్లు వద్దు, అప్పుడు లేవు.

పిల్లల ఆట: క్రికెట్ అలవాటున్న పిల్లలు బ్యాట్ పట్టుకునే పరుగెత్తుతారు. కొట్టాక కింద వదలాలి, విసరకూడదు, వెనకే బంతి పట్టే క్యాచర్ ఉంటుంది. వెనక్కి తగిలినా పరుగు తీస్తారు, అదీ ఆపాలి. అది ఫౌల్, మొదటి రెండూ స్ట్రయిక్‌గా (మూడైతే అవుట్) లెక్క. అమెరికన్ లీగ్ ఈ నియమం తెచ్చింది ఆ ఏడాదే.

స్కోరు బోర్డు: అక్కా, బోస్టన్‌కి నాలుగో ఇన్నింగ్స్‌లో 2, ఆరులో 1 అని ముందే రాసి ఉంచుతాను. పిట్స్‌బర్గ్ వైపు అన్నీ సున్నాలు. వాళ్ల పిచ్చర్ ఫిలిపీ పేరు మాత్రం పెద్దగా రాస్తాను. సిరీస్‌లో ఐదు పూర్తి ఆటలు వేసి మూడు గెలిచినవాడు, ఓడాడని చిన్నచేయకూడదు.

పిల్లల ఆట: తప్పకుండా రాయండి. చివరి అవుట్ పిట్స్‌బర్గ్ బ్యాటర్ హోనస్ వాగ్నర్ స్ట్రయికవుట్ (మూడు స్ట్రయిక్‌లతో అవుట్). రెండు అవుట్లయ్యాక మూడో స్ట్రయిక్‌ని క్యాచర్ జారవిడిస్తే ఆట ముగియదు, బ్యాటర్ మొదటి బేస్‌కి పరుగెత్తవచ్చు. అందుకే బోస్టన్ క్యాచర్ లూ క్రైగర్ పాత్ర మనలో బాగా పట్టేవాళ్లకే. జారితే వెంటనే మొదటి బేస్‌కి విసరాలని అక్కడి ఆటగాడు లషాన్స్‌గా నిలబడేవాళ్లతో కలిపి ముందురోజు పదిసార్లు చేయిద్దాం.