మళ్ళీ వచ్చే ప్రతిదానికీ 'పునరావృతం' అనే రాయాలా?

ప్రశ్న (కర్నూలు)
ఊళ్ళలో పంచడానికి కరపత్రాలు రాస్తున్నాం: మలేరియా, పంటల సాగు, అప్పులు. ముసాయిదా నిండా 'పునరావృతం' పడింది. జ్వరం పునరావృతమవుతుంది, నీరు పునరావృతంగా పెట్టాలి, వడ్డీ పునరావృతమవుతుంది... చదివినోళ్ళకు ఎక్కడం లేదు. దేనికి ఏ మాట రాయాలి? పునః, పునర్ ఎక్కడెక్కడ రాయాలో కూడా చెప్పండి.

జవాబు (అనంతపురం)
తగ్గిన రోగం లోపల మిగిలి మళ్ళీ పైకి వస్తే 'తిరగబెట్టింది' అంటాం. కొత్తగా దోమ కుట్టి వస్తే అది తిరగబెట్టడం కాదు, 'మళ్ళీ సోకింది'. వైవాక్స్ మలేరియాలో ఈ తేడా మీదే మందు నడుస్తుంది. క్రిమి కాలేయంలో దాక్కుని, వారాలకో నెలలకో మళ్ళీ నెత్తురులోకి దిగుతుంది. దాన్ని అక్కడే చంపడానికి ప్రైమాక్విన్ 14 రోజులు ఇస్తారు. జ్వరం పోయిందని మూడో రోజో నాలుగో రోజో ఆపేస్తే తిరగబెడుతుంది. కరపత్రంలో ఇట్లా రాయండి: 'జ్వరం తగ్గినా డాక్టరు చెప్పినన్ని రోజులూ మాత్రలు మింగండి, లేకుంటే తిరగబెడుతుంది.' 48 గంటలకోసారి వచ్చే చలిజ్వరానికి 'రోజు విడిచి రోజు' చాలు.

పంటల్లో నీటిని 'తడి' అనే లెక్కపెడతారు. 'పది రోజులకొక తడి' అంటే రైతుకు ఇంకేం చెప్పక్కర్లేదు. వేరుశనగలో ఊడలు దిగేటప్పుడు, కాయ ఊరేటప్పుడు తడి తప్పకూడదు. పత్తి ఏరడానికైతే మొదటి తీత, రెండో తీత. చెరకు నరికినాక మొదళ్ళ నుంచి మళ్ళీ లేచేది కార్శి తోట, పిలక తోట అని కూడా అంటారు. దాన్ని 'మళ్ళీ నాటిన తోట' అని రాశారో, కొత్తగా ముచ్చెలు (నాటే చెరకు ముక్కలు) కొనాలనుకుంటారు.

జవాబు (కడప)
అప్పుల కరపత్రంలోనే ఎక్కువ జాగ్రత్త కావాలన్నా. వడ్డీ పునరావృతం కాదు, చక్రవడ్డీ అయితే అసలులో కలుస్తుంది, బారువడ్డీ అయితే కలవదు. చక్రవడ్డీ, బారువడ్డీ అని రాసి పక్కనే లెక్క చూపండి: 10,000 రూపాయలకు ఏడాదికి 12 శాతం చొప్పున రెండేళ్ళకు బారువడ్డీ 2,400, ఏడాదికోసారి అసలులో కలిపే చక్రవడ్డీ 2,544.

'వాయిదా' వాడకండి. వాయిదా కట్టడం ఒకటి, వాయిదా వేయడం ఇంకొకటి. రెండూ ఒకే కాగితంలో పడితే తికమక. మనవైపు 'కంతు' అందరికీ తెలుసు. అప్పు విడతలుగా చేతికొస్తుంది, కంతులుగా తీరుతుంది. ప్రామిసరీ నోటు మీద కోర్టుకెళ్ళే గడువు మూడేళ్ళు. అది దాటకముందే 'నోటు తిరగరాయించుకోవడం' అంటారు, 'పునరుద్ధరణ' అంటే ఎవరికీ తట్టదు.

జవాబు (నంద్యాల)
పునః సంగతి. అచ్చు ముందూ, గ జ ద బ లాంటి సరళాల ముందూ, న మ య వ ముందూ 'పునర్' అవుతుంది: పునరాగమనం, పునర్జన్మ, పునర్నిర్మాణం, పునర్వివాహం. క, ప ముందు విసర్గ నిలుస్తుంది: పునఃపరిశీలన, పునఃప్రారంభం. చ ముందు 'శ్': పునశ్చరణ. స ముందు పునఃసమీక్ష, పునస్సమీక్ష రెండూ ఒప్పే. పేపర్లలో కనిపించే 'పునఃనిర్మాణం', 'పునర్‌ప్రారంభం' తప్పులు. 'తిరిగి పునఃప్రారంభించారు' అన్నచోట 'తిరిగి' కొట్టేయండి.

అయినా పల్లెకు పోయే కాగితంలో ఇవెందుకు? 'మళ్ళీ మొదలుపెట్టారు' అంటే సరిపోదూ?

ప్రశ్న అడిగినవారు (కర్నూలు)
శానా మేలు చేశారు. 'ఇంకోసారి' బదులు మన 'ఇంకోతూరి' అచ్చులో పెట్టొచ్చా?

జవాబు (కడప)
మాట్లాడుతున్నట్టు రాసిన వాక్యాల్లో పెట్టొచ్చన్నా. మందు మోతాదులు, కంతుల తేదీలు ఉన్నచోట మాత్రం 'రోజుకు రెండుసార్లు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి' అని విప్పి రాయండి.