పెడల్ ఆన్‌లో దుమ్ము లేపుతోంది, బైపాస్‌లో పెడితే చప్పుడే లేదు

ఫజ్‌పిచ్చి:
డిస్టార్షన్ ప్లస్ అనే గిటార్ పెడల్ సర్క్యూట్ చూసి, గిటార్ సౌండ్‌ని గరగరమనిపించే ఒక పెడల్ చేశాను. 741 ఐసీ, రెండు జర్మేనియం డయోడ్లు, వీరోబోర్డు (పార్ట్‌లు సోల్డర్ చేసే రంధ్రాల బోర్డు), డబ్బా అన్నీ కోఠి గుజరాతీ గల్లీలోనే దొరికాయి, తొమ్మిది కాళ్ళ ఫుట్‌స్విచ్ మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించాను. నొక్కితే ఎల్ఈడీ వెలుగుతుంది, సౌండ్ అదిరిపోతోంది. ఇంకోసారి నొక్కి బైపాస్‌లోకి (అంటే సర్క్యూట్‌ని తప్పించి గిటార్ నేరుగా ఆంప్‌కి వెళ్ళాల్సిన స్థితి) వెళ్తే గిటార్ మాయం.

స్విచ్ తొమ్మిది కాళ్ళు మూడు అడ్డ వరుసల్లో ఉన్నాయి, ఆన్‌లో ప్రతి మధ్య కాలూ దాని పై కాలికి, బైపాస్‌లో కింది కాలికి కలుస్తుంది. వైరింగ్ ఇది: మధ్య వరుసలో ఇన్‌పుట్ జాక్, అవుట్‌పుట్ జాక్, ఎల్ఈడీ. పై వరుసలో బోర్డు ఇన్, బోర్డు అవుట్, గ్రౌండ్. కింది వరుసలో మొదటి రెండు కాళ్ళనీ చిన్న తీగ ముక్కతో కలిపాను, ఆ మొదటి కాలికే గ్రౌండ్ కూడా ఇచ్చాను, ఎందుకంటే బైపాస్‌లో బోర్డు ఇన్‌పుట్‌ని గ్రౌండ్ చేస్తే గోల ఉండదని ఇంకో డయాగ్రమ్‌లో ఉంది. ఆదివారం చర్చిలో వాయించాలి, టెన్షన్‌గా ఉంది.

సోల్డర్_పొగ:
స్విచ్ 90 డిగ్రీలు తిప్పి బిగించావేమో చూడు, కాళ్ళ చదును వైపు అడ్డంగా ఉండాలి. లేదంటే సోల్డరింగ్ ఐరన్ ఎక్కువసేపు ఆనించి లోపలి ప్లాస్టిక్ కరిగించి ఉంటావు. చవక స్విచ్‌లతో ఇదే గొడవ, ఇంకోటి కొనేయ్.

బెజవాడ_బేస్:
కొనకు తమ్ముడూ, ఆగు. స్విచ్ తిరిగి ఉంటే ఆన్‌లో కూడా పలకదు కదా. ఒక్క మాట చెప్పు, బైపాస్‌లో ఆంప్ పూర్తిగా నిశ్శబ్దమా, లేక కాస్త బుయ్‌మంటోందా?

ఫజ్‌పిచ్చి:
పూర్తిగా నిశ్శబ్దం అన్నా. ఆంప్ ఆపేసినట్టే ఉంది.

బెజవాడ_బేస్:
అయితే దొరికినట్టే. వైరు ఎక్కడైనా ఊడిపోయి ఉంటే ఆంప్‌కి వెళ్ళే కేబుల్ టిప్ (సిగ్నల్ వెళ్ళే కొన) గాల్లో వేలాడుతున్నట్టే కాబట్టి హమ్ వస్తుంది, వేలు పెడితే ఇంకా అరుస్తుంది. ఏమీ రాలేదంటే సిగ్నల్ తెగలేదు, గ్రౌండ్‌లోకి పోతోంది. పవర్ తీసేసి, బైపాస్‌లో ఉంచి, గిటార్‌కి తగిలించని ఒక ఖాళీ కేబుల్ ఇన్‌పుట్‌లో గుచ్చి (కొన్ని జాక్‌లు ప్లగ్ లేనప్పుడు టిప్‌ని వాటంతటవే గ్రౌండ్ చేస్తాయి, అది చూసి మోసపోవద్దు), అవుట్‌పుట్ జాక్ టిప్‌కీ స్లీవ్‌కీ (గ్రౌండ్ భాగం) మధ్య మల్టీమీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టు. బీప్ అంటుంది చూడు.

నువ్వు రెండు డయాగ్రమ్‌లు కలిపేశావు. నీ పద్ధతిలో ఇన్‌పుట్ జాక్ మధ్య కాలికి ఉంది, బైపాస్‌లో గిటార్ సిగ్నల్ వెళ్ళే దారే ఆ కింది తీగ. దానికి గ్రౌండ్ తగిలిస్తే ఏం మిగులుతుంది? ఆ గ్రౌండ్ వైరు ఒక్కటి పీకెయ్, చాలు.

ఫజ్‌పిచ్చి:
బీప్ వచ్చింది. వైరు తీసేశాక బైపాస్ శుభ్రంగా పలుకుతోంది, చాలా థ్యాంక్స్ అన్నా. కానీ ఇప్పుడు నొక్కిన ప్రతిసారీ స్పీకర్‌లో టప్‌మని కొడుతోంది, ప్రార్థన మధ్యలో అలా కొడితే పాస్టర్‌గారు నన్నే చూస్తారు.

రాగం_తాళం:
ఆ టప్ ఇన్‌పుట్ కెపాసిటర్‌ది. బైపాస్‌లో బోర్డు ఇన్‌పుట్ దేనికీ తగలకుండా ఉంటుంది, కెపాసిటర్ కొంచెం లీకైనా ఆ చివర వోల్టేజ్ చేరుతుంది, నొక్కగానే అదంతా ఒక్కసారి దిగుతుంది. బోర్డు ఇన్‌పుట్ నుంచి గ్రౌండ్‌కి ఒక 1 మెగాఓమ్ రెసిస్టర్ వేస్తే సరి. అవుట్‌పుట్ వైపు వాల్యూమ్ పాట్ (తిప్పే నాబ్ రెసిస్టర్) ఎలాగూ గ్రౌండ్‌కి ఉంది కాబట్టి అక్కడ అక్కర్లేదు.

ఓపిక ఉంటే నువ్వు చూసిన ఆ రెండో డయాగ్రమ్‌నే పూర్తిగా వెయ్యి, నాకైతే అదే ఇష్టం. మొదటి నిలువు వరుసలో మధ్య కాలికి బోర్డు ఇన్, పైన ఇన్‌పుట్ జాక్, కింద గ్రౌండ్. రెండో దాంట్లో మధ్యన అవుట్‌పుట్ జాక్, పైన బోర్డు అవుట్, కింద మాత్రం మొదటి నిలువు వరుస పై కాలి నుంచి వచ్చే తీగ. ఎల్ఈడీ వైపు ఏదీ కదపక్కర్లేదు. ఆ ఏటవాలు తీగ మధ్య కాళ్ళ పక్క నుంచే వెళ్తుంది, తొడుగు ఉన్న వైరే వాడు. ఒక కాలు సోల్డర్ చేశాక అది చల్లారాకే పక్క కాలు ముట్టుకో, సోల్డర్_పొగ చెప్పిన ప్లాస్టిక్ సంగతి అబద్ధమేం కాదు.

సోల్డర్_పొగ:
ఎల్ఈడీకి ఏ రెసిస్టర్ వేశావు? 4.7 కిలోఓమ్ అయితే పర్లేదు, 470 ఓమ్ లాంటిది వేసి ఉంటే అది కూడా టప్‌మంటుంది. ముందు అది చూసుకుని తర్వాత మిగతాది విప్పు.