నాన్న కంట్లో పుండు నెల కావస్తున్నా మానట్లేదు, ఏం చేయాలి?

తణుకమ్మాయి:
మాది తణుకు దగ్గర పల్లెటూరు. కోతలప్పుడు మిషన్ దగ్గర నాన్న కంట్లో దుమ్ము పడింది. కుళాయి నీళ్లతో కడుక్కుని ఊరుకున్నారు. కన్ను ఎర్రబడితే అమ్మ నందివర్ధనం పూలు పెట్టింది. తర్వాత మెడికల్ షాపతను ఇచ్చిన చుక్కలతో ఎరుపు తగ్గింది కానీ నొప్పి పెరిగింది. ఊళ్లో అందరూ కంట్లో పువ్వేసింది, అంటే తెల్లమచ్చ పడిందన్నారు. టౌన్లో కళ్ల డాక్టర్ గారు కార్నియల్ అల్సర్ (నల్లగుడ్డు మీది పారదర్శక పొరకి పుండు) అని మాక్సీఫ్లాక్సాసిన్, నాటామైసిన్ రెండూ రాశారు. గంటగంటకీ వేస్తున్నాం. నాలుగు రోజులు నయంగా ఉంటుంది, మళ్లీ మొదటికొస్తుంది. నల్లగుడ్డు మీద బియ్యపు గింజంత తెల్లమచ్చ, దాని అంచు చుట్టూ సన్నగా చుక్కలు చుక్కలుగా కనిపిస్తోంది. షుగర్ కూడా ఉంది. "పోతే ఒక కన్నేగా, ఇక నన్నొదిలేయండి" అంటున్నారు. నాకేమో రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు. ఎవరికైనా ఇలా అయిందా?

చత్వారం:
నేను కార్నియా క్లినిక్‌లో కంటిచూపు పరీక్షించే ఆప్టోమెట్రిస్ట్‌ని, డాక్టర్ని కాను. ముందు ఒక్కటి చెప్పండి, పుండు మీద గీకి శాంపిల్ తీశారా? ఒకటి బ్యాక్టీరియాకి, ఒకటి ఫంగస్‌కి రాశారంటే ఏదో ఒకటి తగులుతుందని రాసినట్టుంది. మొదట్లో అలా ఇవ్వడం తప్పేం కాదు, ఇన్నాళ్లయినా మానకపోతే మాత్రం క్రిమి ఏదో తేల్చుకోవాల్సిందే. మత్తు చుక్క వేసి చిన్న బ్లేడుతో గీకుతారు, పెద్ద నొప్పేం ఉండదు. స్లైడు మీద అప్పటికప్పుడే చూస్తారు, మిగతాది కల్చర్‌కి, అంటే ల్యాబ్‌లో క్రిమిని పెంచి చూడటానికి పంపుతారు.

మీరు అంచున చుక్కలన్నారు చూడండి, నాకు అక్కడే అనుమానం. మట్టిలో ఉండే నోకార్డియా అనే బ్యాక్టీరియా అలా దండ గుచ్చినట్టు కనిపిస్తుంది. మైక్రోస్కోప్‌లో సన్నని కొమ్మల్లా ఉండటంతో ఫంగస్ అని పొరబడతారు. మాక్సీ చాలాసార్లు దాని మీద సరిగా పనిచేయదు, నాటామైసిన్ అసలే పనిచేయదు. అమికాసిన్ చుక్కలకు లొంగుతుంది. వాటిని మామూలుగా ఇంజెక్షన్ మందుతో ఆసుపత్రిలోనే కలిపిస్తారు. ఫ్రిజ్‌లో పెట్టాలి, వాళ్లు చెప్పిన గడువు దాటితే పారేయాలి. ఇంట్లో కలపాలని చూడకండి. ఇదంతా ఫోటో కూడా చూడకుండా నేను వేస్తున్న అంచనా, కల్చర్ చెప్పేదే ఖాయం. కల్చర్ తొందరగా రాకపోతే కంగారు పడొద్దు, నోకార్డియా మెల్లగా పెరుగుతుంది.

ఇంతకీ ఆ షాపు చుక్కల పేరేంటి?

తణుకమ్మాయి:
శాంపిల్ తీయలేదండి. సీసా మీద డెక్సామెథాసోన్ అని ఉంది. ఎరుపు తగ్గుతోందని ఇప్పటికీ మధ్యమధ్యలో వేసుకుంటున్నారు.

చత్వారం:
అది స్టెరాయిడ్. ఈ రోజే డాక్టర్ గారికి ఫోన్ చేసి చెప్పండి, ఆయనకు తెలియకుండా ఇంకో చుక్క వేయొద్దు. ఎరుపు తగ్గిస్తుంది, లోపల క్రిమికి మేత వేస్తుంది. 500 మంది కార్నియా పుండ్ల రోగులతో స్కట్ అనే ట్రయల్ చేశారు, ఎక్కువమంది తమిళనాడు అరవింద్ ఆసుపత్రుల వాళ్లే. అందులో కూడా నోకార్డియా ఉన్నవాళ్లకు స్టెరాయిడ్ వేస్తే మచ్చ ఇంకా పెద్దదైంది.

పెరటి జామచెట్టు:
అమ్మాయీ, మా అత్తయ్యకి ఏడాదంతా ఇదే గోల. చుక్కలు వేస్తే తగ్గడం, ఆపగానే మళ్లీ రావడం. చివరికి ఒక డాక్టరమ్మ ముక్కు పక్కన కంటి మూల వేలితో నొక్కితే బుడుక్కున చీమొచ్చింది. కన్నీటి సంచి మూసుకుపోయి అక్కడే చీము ఊరుతోందట. ఆపరేషన్ చేశాకే కన్ను కుదుటపడింది. మీ నాన్నకి అది కూడా చూడమను. షుగర్ కూడా అదుపులో ఉండాలి.

తణుకమ్మాయి:
రేపు పొద్దున్నే విజయవాడ తీసుకెళ్తున్నాను. నాన్న కారెక్కనంటున్నారు, అన్నయ్యతో చెప్పించాను. శాంపిల్ తీసే ముందు చుక్కలు ఆపాలా?

చత్వారం:
మీరే ఆపకండి. అవసరమైతే అక్కడి డాక్టరే ఒక రోజు ఆపమంటారు. సీసాలన్నీ, ఆ డెక్సా సీసాతో సహా కవర్లో వేసుకెళ్లండి. విజయవాడ పక్కన తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ వాళ్ల ఆసుపత్రిలో కార్నియా విభాగం ఉంది. ఇంకో చుక్క మందు ఇస్తే రెండింటి మధ్య ఐదు నిమిషాలైనా ఆగి వేయండి, లేదంటే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. రాత్రి కూడా గంటకోసారి వేయమంటే అలారం పెట్టుకుని ఇంట్లోవాళ్లు వంతులేసుకోండి.