వలస కూలీల మధ్య ఆరోగ్య పని: ఎం.ఎస్.డబ్ల్యూ చేసినవాళ్లకు దారేది?

హగరి_గాలి (ఆదోని): అందరికీ నమస్తే. ఎం.ఎస్.డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) అయిపోవచ్చింది. మా కోసిగి, కౌతాళం వైపు దీపావళి దాటితే చాలా ఇండ్లకు తాళాలు పడతాయి, జనం గుంటూరు మిరప చేలకు సుగ్గికి, అంటే వలస కూలికి పోతారు. వాళ్ల ఆరోగ్యం మీద, వీలైతే ముందుముందు శరణార్థుల మధ్య పనిచేయాలని ఉంది. ఏ ఉద్యోగాలు చూడాలి? ఏం నేర్చుకోవాలి?

పెన్న_ఒడ్డు (అనంతపురం): తమ్ముడూ, ఆశా పోస్టులు ఆ ఊరి ఆడవాళ్లకే. నీ చదువుకు తగింది ఐ.సి.టి.సి (హెచ్‌ఐవీ సలహా, పరీక్ష కేంద్రం) కౌన్సిలర్, సోషల్ వర్క్ వాళ్లను తీసుకుంటారు. ఎయిడ్స్ నియంత్రణ కింద వలస కూలీల కోసం స్వచ్ఛంద సంస్థలు నడిపే ప్రాజెక్టులూ ఉంటాయి. వాటిలో అవుట్‌రీచ్ వర్కర్‌గా చేరితే పని చేతికొస్తుంది. ఎక్కువగా కాంట్రాక్టే, అది తెలుసుకునే దిగు. ఆదోని సరిహద్దుకు కన్నడం, ఇటుక బట్టీలకు హిందీ తప్పనిసరి.

నల్లమల_నీడ (కర్నూలు): ఉద్యోగం సంగతి అక్క చెప్పింది, నేను పని సంగతి చెప్తా. మామూలు టీబీకి మందులు 6 నెలలు. రెండు నెలలకే దగ్గు తగ్గి ఒళ్లు తేలికవుతుంది, సరిగ్గా అప్పుడే సుగ్గి బండి వస్తుంది. మధ్యలో ఆపితే రోగం తిరగబెడుతుంది, మందులకు లొంగకుండా పోయే ప్రమాదమూ ఉంది. అందుకే బండి ఎక్కకముందే పోయే మండలం కనుక్కుని, టీబీ యూనిట్ వాళ్లతో నిక్షయ్‌లో (టీబీ రోగుల వివరాలుండే ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డు) అక్కడి పీహెచ్‌సీకి బదిలీ చేయించు. నిక్షయ్ ఐడీ రాసివ్వు. దారికీ, చేరాక అయ్యే ఆలస్యానికీ చాలినన్ని మాత్రలు చేతిలో ఉండాలి. తిండికిచ్చే నెలకు 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలోకే వస్తాయని కూడా చెప్పు.

పిల్లల టీకాలు 6, 10, 14 వారాలకు. ఒకటి తప్పితే మళ్లీ మొదటినుంచి వేయక్కర్లేదు, ఆగిన చోటినుంచి కనీసం 4 వారాల ఎడంతో వేయిస్తే చాలు. తల్లులు కార్డును ఊర్లో అవ్వ దగ్గర వదిలిపోతారు. దాని ఫోటో తల్లిదండ్రులిద్దరి ఫోన్లలోనూ పెట్టు. గుడిసెల దగ్గరికి చీకటి పడ్డాకే పో, పగలు ఎవరూ దొరకరు. మేస్త్రీ ఎదుట మాత్రం ఎవరి రోగం పేరూ ఎత్తొద్దు, వాళ్ల పని పోతుంది.

పాలకొండ_దారి (కడప): శరణార్థుల విషయానికొస్తే, 1951 ఒడంబడికపై మన దేశం సంతకం చేయలేదు. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ యు.ఎన్.హెచ్.సి.ఆర్ ఆఫీసు ఢిల్లీలో ఉంది, సీమలో ఆ పేరుతో ఉద్యోగాలు వెతకొద్దు. బయటి దేశాలకు పోదామన్నా, అమెరికాలో ఈ పనికి ఎక్కువగా ఆ శరణార్థుల భాష వచ్చినవాళ్లనే, వాళ్లలోంచే తీసుకుంటారు. నీకైతే ఎం.పి.హెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) చేసి కార్యక్రమాల నిర్వహణ వైపు పోవడం మేలు. ఈలోగా మా కడప నుంచి కువైట్‌కు పోయేవాళ్లను చూడు. వీసా కోసం చేసే మెడికల్ పరీక్షలో, ఎక్స్‌రేలో పాత టీబీ మచ్చ కనిపించినా అన్‌ఫిట్ అంటారు. ఏజెంటుకు అప్పు తెచ్చి కట్టకముందే ఛాతీ ఎక్స్‌రే తీయించుకోండని చెప్పే మనిషి కావాలి.

హగరి_గాలి: మేస్త్రీ లోపలికే రానివ్వకపోతే?

నల్లమల_నీడ: బీపీ మిషను, షుగర్ చూసే మిషను పట్టుకుపో. మొదట ఆయనకే చూడు.